కనురెప్పలకు మూడు కొటేషన్లు

మా ఫ్యాక్టరీలో ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు కావాలి. లేత్ మిషన్ అయినా, క్యాంటీన్‌కి ప్రెషర్ కుక్కర్ అయినా అంతే. మూడు ధరలనూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక తయారు చేస్తాం. దాన్ని కంపారిటివ్ అంటాం. ఎడమవైపు వస్తువు, మధ్యలో ముగ్గురి ధరలు, కుడివైపు చివరి గడిలో ‘అవసరం’. ఎందుకు కొంటున్నామో అక్కడ ఒక వాక్యం రాయకపోతే కాగితం టేబుల్ మీంచి కదలదు. ఫరీదాబాద్‌లో ఇరవై ఆరేళ్లుగా నా పని ఈ పట్టికలు చేయడమే. నేను కామర్స్ చదవలేదు. ఇంటర్ తప్పి, స్టోర్స్‌లో తూకాలు రాసే పనికి చేరి, పెద్దవాళ్లు పారేసిన కాగితాలు చూసి లెక్కలు నేర్చుకున్నాను. అందుకే కాబోలు, డిగ్రీలున్నవాళ్ల కంటే ఆ గడులంటే నాకు భక్తి ఎక్కువ.

ఇంట్లో కూడా లెక్క నాదే. నా జీతం, నా భార్య జీతం ఒకే ఖాతాలో పడేవి. ఏ నెలలో ఏ డిపాజిట్ చేతికొస్తుందో, దాన్ని మళ్లీ ఎక్కడ వేయాలో నేనే చూసేవాణ్ణి. ఆవిడ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఆవిడకి ఇష్టమేనని నేను అనుకున్నాను. ఏదైనా కావాలంటే నన్ను అడిగేది. నేను కనుక్కుని చెప్పేవాణ్ణి. చాలాసార్లు, నేను కనుక్కునేలోపు ఆవిడకి ఆ కోరిక పోయేది. దాన్ని నేను ఆదా కింద వేసుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట మే నెలలో, కూలర్‌లో నీళ్లు పోస్తూ అడిగింది.

“ఏవండీ, కళ్ల మీద ఈ చర్మం తీయించుకోవాలంటే ఎంతవుతుంది?”

నేను తలెత్తి చూశాను. రోజూ చూసే ముఖంలో అంత మార్పు వచ్చిందని అప్పటిదాకా నాకు తెలియదు. పైరెప్పల మీది చర్మం మడతపడి కిందికి జారి, వెంట్రుకల మీద ఆనుకుని ఉంది. కుడికన్ను మీద కొంచెం ఎక్కువ. వాళ్లమ్మగారికీ అలాగే ఉండేది. కనుక్కుంటానన్నాను.

ఎందుకు అడిగిందో తర్వాత చెప్పింది. ఆవిడ పద్దెనిమిదేళ్లుగా సివిల్ సర్వీసెస్ పిల్లలకి తెలుగు సాహిత్యం చెబుతోంది. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి, ఢిల్లీలో ఇరుకు గదులు అద్దెకి తీసుకుని చదివే పిల్లలు. రెండో అంతస్తులో అరవై కుర్చీల గది, గోడకి తెల్లబోర్డు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆవిడ గొంతు వినబడితే చాలు, ముఖం ఎలా ఉందో ఎవరికీ పట్టేది కాదు. తర్వాత క్లాసులు ఫోన్లలోకి వచ్చాయి. ముఖం పెద్దదైంది. ఒకరోజు క్లాసు మధ్యలో ఎవరో కుర్రాడు కింద రాశాడు: ‘మేడమ్‌కి నిద్రొస్తోంది, పడుకోనివ్వండ్రా.’ దాని కింద నలభైమంది నవ్వే బొమ్మలు పెట్టారు. ఆవిడ అది చదివి, అక్కడే ఆపకుండా పాఠం పూర్తి చేసిందట.

కోచింగ్ సెంటర్ ఓనరు గుంటూరాయన. చెడ్డవాడు కాదు. అక్టోబరులో సిలబస్ మొత్తం స్టూడియోలో రికార్డు చేయించి, మూడేళ్లో నాలుగేళ్లో అదే అమ్ముకుందామని ఆయన ఆలోచన. అందులో ఎవరి ముఖం ఉంటే ఇకముందు ఆ సబ్జెక్టుకి వాళ్లే టీచరు. ఆయన ఫోన్ చేసి, “మేడమ్, క్లోజప్ ఉంటదండీ. కాస్త ఫ్రెష్‌గా కనబడాల. ఏవీ అనుకోబాకండి, మా చెల్లెలికైనా ఇదే చెప్తా,” అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. నన్ను ధర అడిగింది.

నేను ధర మాత్రమే విన్నాను.

మొదటి కొటేషన్ దక్షిణ ఢిల్లీలో ఒక క్లినిక్‌ది. తలుపు తీయగానే సువాసన. పాతికేళ్ల అమ్మాయి వచ్చి, తాను కౌన్సెలర్‌నని చెప్పుకుని, నా భార్య ముఖాన్ని ఒక టాబ్‌లో ఫొటో తీసి, వేలితో గీతలు గీసి చూపించింది. లక్షా ముప్పై ఐదు వేలు, పన్ను వేరే. నెలాఖరులోపు బుక్ చేస్తే పది వేలు తగ్గిస్తారట. కంటి మీద చర్మానికి నెలాఖరుతో సంబంధం ఏమిటని అడిగాను. ఆ అమ్మాయి నవ్వింది. నా భార్య నవ్వలేదు.

రెండోది నోయిడాలో. తొంభై వేలన్నారు. నేను కాగితం రెండోవైపు తిప్పి చూస్తే ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, ముందు చేసే రక్తపరీక్షలు, తర్వాత వాడే చుక్కలు, ఆయింట్‌మెంటు వేరేగా ఉన్నాయి. అన్నీ కూడి పన్ను వేస్తే లక్షా ఇరవై దాటింది. ఆ సంగతి కనిపెట్టినందుకు ఆ రోజు మెట్రోలో నాకు చాలా తృప్తిగా ఉంది. దారి పొడుగునా ఆవిడకి అదే చెప్పాను.

మూడోది మా ఫరీదాబాద్‌లోనే, మా సెక్టారుకి రెండు స్టాపుల దూరంలో ఉన్న కళ్ల ఆస్పత్రి. డాక్టరు పెద్దాయన. సువాసన లేదు, టాబ్ లేదు. వేలితో ఆవిడ రెప్ప మీది చర్మాన్ని మెల్లగా పైకెత్తి పట్టుకుని, పైన ఉన్నవి చూడాలంటే గడ్డం ఎత్తుతారా అని హిందీలో అడిగాడు. అవునంది. సాయంత్రానికి నుదురు నొప్పి పుడుతుందా? అవునంది. కనుబొమలు ఎత్తి ఎత్తి రెప్పల పని నుదుటితో చేయిస్తున్నారమ్మా అన్నాడు. ఆ నొప్పి సంగతి నాకు తెలుసు. అమృతాంజనం సీసా నెలకొకటి అయిపోతోందనీ, దాని ధర ఎంతనీ తెలుసు.

యాభై రెండు వేలు, అన్నీ కలిపి. జూలై మొదటివారంలో ఖాళీ ఉంది, వారానికి కుట్లు తీస్తాను, నెలకి వాపూ కమిలిన రంగూ పూర్తిగా పోతాయి అన్నాడు. జూలైలో ఆవిడ బ్యాచ్‌కి సెలవులు. ఆవిడ సంచీలోంచి డైరీ తీసింది.

డాక్టరు ఇంకోమాట కూడా అన్నాడు. ఇది అందం కోసమైతే ఇన్సూరెన్సు ఇవ్వదు, పైగా పన్ను పడుతుంది. చూపుకి అడ్డం వస్తోందని పరీక్షలో తేలితే జబ్బు కింద లెక్క, పన్ను ఉండదు, ఇన్సూరెన్సు ఇచ్చినా ఇవ్వొచ్చు. అదే కన్ను, అదే కత్తి, అదే దారం. ఒక కాగితం ఉంటే యాభై రెండు వేలు, ఇంకో కాగితం ఉంటే సున్నా. నా జీవితంలో అంత అందమైన తేడా నేను చూడలేదు.

“ఆగండి డాక్టర్ సాబ్, డేట్ నేను చెప్తాను,” అన్నాను. ఆవిడ డైరీ మూసింది.

మా పాలసీని అంతకు రెండేళ్ల ముందు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చాను. మార్చినప్పుడు ఏడాదికి నాలుగు వేల రెండువందలు మిగిలాయి. ఇప్పుడు పాత కంపెనీ నుంచి కాగితాలు తెప్పించాలి. జూన్ అలా పోయింది. జూలై మొదటివారం వచ్చి వెళ్లింది. ఆవిడ ఒక్కసారే అడిగింది, వంటింట్లోంచి, నావైపు తిరక్కుండా.

“యాభై రెండు వేలేగా. నా నెల జీతం కంటే తక్కువ.”

“డబ్బు గురించి కాదు. మనకి రావలసింది ఎందుకు వదులుకోవాలి?”

“మనకి రావలసింది,” అని ఆవిడ ఆ మాటే మళ్లీ అంది.

ఆగస్టులో పరీక్ష చేశారు. చీకటి గదిలో, గడ్డం ఒక గిన్నెలాంటి దానిలో ఆనించి, ఎదురుగా తెల్లటి గుంటలోకి చూడాలి. అక్కడా ఇక్కడా చిన్న చిన్న వెలుగులు వస్తాయి. కనబడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. మొదట రెప్పలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి చేశారు. తర్వాత మెడికల్ టేపుతో చర్మాన్ని పైకి లాగి అంటించి మళ్లీ చేశారు. రెండింటికీ రెండు పటాలు. మొదటి పటంలో పైభాగమంతా నల్లగా ఉంది. రెండోదాంట్లో ఆ నలుపు పోయింది.

టెక్నీషియన్ పటాలు ప్రింటు తీస్తుంటే ఆవిడ పక్కనున్న వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లింది. అక్కడ చిన్న అద్దం. టేపు ఇంకా తీయలేదు. చాలాసేపు చూసుకుంది. తర్వాత నన్ను పిలిచింది. వెళ్లాను. టేపు ముక్కలు నుదుటి మీద అడ్డదిడ్డంగా ఉన్నాయి కానీ వాటి కింద కళ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో, మొదటి చలికాలం, ఫరీదాబాద్ బస్టాండులో మంచులోంచి నన్ను వెతుక్కున్న కళ్లు అవి. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నా చేతిలో రెండు పటాలున్నాయి.

“ఎలా ఉన్నాను?” అంది.

“తేడా బాగా వచ్చింది,” అన్నాను. “క్లెయిముకి పనికొస్తుంది.”

ఆవిడ అద్దంలోకి ఇంకోసారి చూసి, టేపు ఒక్కొక్క ముక్కే లాగేసింది. చివరి ముక్కతో కనుబొమ వెంట్రుకలు కొన్ని ఊడొచ్చాయి. నేను ప్రింటుకి రసీదు అడగడానికి వెళ్లాను.

ఆస్పత్రిలో ఇన్సూరెన్సు కాగితాలు చూసే అబ్బాయి ఒక ఫారం, డాక్టరు చీటీ, ఆ రెండు పటాలు చాలన్నాడు. “అంకుల్, బస్ ఇత్‌నా హీ దీజియే, జ్యాదా మత్ లగాయియే,” అన్నాడు. ఎక్కువ పెట్టొద్దని అంత స్పష్టంగా చెప్పాడు. నేను వినలేదు. ఇరవై ఆరేళ్లలో సగం కాగితాలతో నేను ఏ ఫైలూ పంపలేదు. మేము ఎక్కడ పడితే అక్కడ చేయించుకోవడం లేదని, మూడు చోట్ల కనుక్కుని అందరికంటే తక్కువ అడిగిన చోటే చేయించుకుంటున్నామని కంపెనీవాళ్లకి తెలియాలనుకున్నాను. తెలిస్తే సంతోషిస్తారనుకున్నాను. నా కంపారిటివ్‌ని మూడు కొటేషన్లతో సహా ఏడో పేజీగా కుట్టాను.

ఆ పట్టిక నేను మే నెలలోనే చేశాను. ఎడమవైపు ‘కనురెప్పల అందం సర్జరీ’ అని ఉంది, ఎందుకంటే మొదటి రెండు క్లినిక్కులూ దాన్ని అలాగే పిలిచాయి. కుడివైపు చివరి గడిలో, ‘అవసరం’ కింద, ‘వీడియో పాఠాల్లో ముఖం అలసటగా కనిపించకుండా ఉండేందుకు’ అని ఇంగ్లిషులో శుభ్రంగా రాసి ఉంది. ఖాళీగా వదలడం నాకు చేతకాదు.

ముందు వాళ్లు ఒక ప్రశ్న పంపారు, తర్వాత ఇంకొకటి. సెప్టెంబరు రెండోవారంలో జవాబు వచ్చింది. క్యాంటీన్‌లో నిలబడి చదివాను. దరఖాస్తుదారు స్వయంగా సమర్పించిన ఏడో పేజీ ప్రకారం ఈ శస్త్రచికిత్స అందం కోసమేననీ, పాలసీ కింద చెల్లదనీ. పటాల గురించి ఒక్క మాట లేదు. నా గడిలోని వాక్యాన్ని మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాశారు.

అప్పుడైనా యాభై రెండు వేలు తీసి కట్టేసి ఉంటే ఆవిడ ఆ వారంలోనే చేయించుకునేది. వాపు కొంచెం ఉన్నా స్టూడియోవాళ్లు ఏదో సర్దుకునేవారు. నేను అప్పీలు రాశాను. నాలుగు పేజీలు. ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుంటే మన కేసు బలహీనపడుతుంది, పదిహేను రోజులు ఆగు అన్నాను. ఆవిడ సరేనంది. ఆ సరేలో ఏమీ లేదు. కనీసం కోపమైనా లేదు.

పన్నెండో రోజున గుంటూరాయన ఫోన్ చేశాడు. ఆవిడ పచ్చిమిరపకాయలు తరుగుతూ స్పీకరు పెట్టింది.

“మేడమ్, ఈ దఫాకి మన పాత స్టూడెంటు అమ్మాయితో కానిచ్చేద్దామండీ. అదే, మీ దగ్గర చదివి ఇంటర్వ్యూ దాకా పోయొచ్చిందే, ఆ అమ్మాయి. స్టూడియోకి డబ్బు కట్టేశా, ఇంక ఆగలేను. మీరు నోట్సు ఇద్దురు. డౌట్ల క్లాసు మీదే, ఆడియోలో. మీ గొంతుకి తిరుగులేదు మేడమ్, నిజంగా చెప్తున్నా.”

“పాపం ఆ పిల్లకి వ్యాకరణంలో కొంచెం కాలు జారుతుంది. ఆ భాగం ముందు నాతో ఒకసారి కూర్చోమనండి,” అంది ఆవిడ. ఫోన్ పెట్టేసి మిరపకాయలు పూర్తి చేసింది.

పద్దెనిమిదేళ్ల నోట్సు. చేత్తో రాసిన పుస్తకాలు ఇరవై మూడు. అంచుల్లో ఎర్రసిరా, ఏ ఏడాది ఏ ప్రశ్న వచ్చిందో గుర్తులు. వాటిని మా ఫ్యాక్టరీ మిషన్ మీద స్కాన్ చేసి ఇచ్చింది నేనే. రెండు శనివారాలు పట్టింది. పదకొండువందల నలభై పేజీలు. బయట చేయిస్తే పేజీకి రెండు రూపాయలు, అది మిగిలింది కదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేను క్షమించుకోలేదు. వచ్చిందన్న సంగతి కూడా దాచుకోలేదు.

మా అమ్మాయి నోయిడాలో ఉద్యోగం చేస్తోంది, అక్కడే స్నేహితురాళ్లతో ఉంటుంది. ఆదివారం వచ్చింది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే చెబుతుంది. సంగతంతా విని, అన్నం కలుపుతూనే నా వైపు చూసింది.

“పాపా, మమ్మీ నే హా యా నా పూఛా థా. ఆప్‌నే టెండర్ నికాల్ దియా.”

అమ్మ అవునో కాదో చెప్పమంది, మీరు టెండరు పిలిచారు అని. నా భార్యకి నవ్వొచ్చింది. ఆ ఏడాదిలో నా ఎదుట ఆవిడ మనసారా నవ్వడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. నేను కూడా నవ్వబోయాను. తల్లీకూతుళ్లిద్దరూ నవ్వు ఆపేశారు.

నవంబరులో అప్పీలు కూడా తిరస్కరించారు. ఆ సాయంత్రమే ఒక డిపాజిట్ గడువుకి ముందే రద్దు చేసి, యాభై రెండు వేలకి చెక్కు రాసి, ఆవిడ చదువుకునే బల్ల మీద పెట్టాను. గడువుకి ముందు తీస్తే వడ్డీ ఎంత పోతుందో ఆవిడకి చెప్పలేదు. చెప్పకపోవడం గొప్ప సంగతి అనుకున్నాను. మర్నాడు చెక్కు నా బల్ల మీదికి తిరిగి వచ్చింది. ఎందుకని అడిగితే, “ఇప్పుడు పిల్లలు నా గొంతు వినడమేగా,” అంది.

డౌట్ల క్లాసు వారానికి రెండు రోజులు. తెరమీద ఆవిడ ముఖం ఉండదు. ఒక పువ్వు బొమ్మ ఉంటుంది. జీతం మూడో వంతుకి వచ్చింది. ఆ డబ్బు మా ఖాతాలో పడటం లేదని జనవరిలో గమనించాను. ఏం చేశావని అడిగాను. వేరే ఖాతా తెరిచానంది. అందులో అడగవలసిందేమీ లేదు కాబట్టి ఇంకేమీ అడగలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అమ్మాయి దగ్గరికి వెళ్లొస్తానని వెళ్లింది. తొమ్మిది రోజులకి క్యాబ్‌లో దిగింది, నల్ల కళ్లద్దాలతో. గుమ్మంలో చెప్పులు విప్పి, అద్దాలు తీసింది. కళ్ల చుట్టూ పసుపూ నీలమూ కలిసిన మచ్చలు. రెప్పల మడతలో సన్నటి ఎర్ర గీత. దాని కింద, టేపు అంటించిన రోజు నేను చూసిన కళ్లు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆర్నెల్లుగా, ఆ వాష్‌బేసిన్ దగ్గర చెప్పాల్సిన మాట నా దగ్గర తయారుగా ఉంది. కానీ నోటికి అలవాటైన మాటే ముందొచ్చింది.

“ఎంతయింది?”

“రాసుకోవడానికా?”

“ఊరికే అడిగాను.”

“ఊరికే అయితే తెలియక్కర్లేదుగా,” అంది మామూలుగానే. టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఎక్కడ చేయించుకుందో అమ్మాయిని అడిగితే, మమ్మీని అడగమంది. నోయిడాలోనే అయితే నా పాత పట్టిక ప్రకారం లక్షా ఇరవై. వేరే చోటయితే, డిస్కౌంటు ఇచ్చి ఉంటే, తొంభై ఉండొచ్చు. మా ఇంట్లో గ్యాస్ పైపు వాషర్ ధర నాకు తెలుసు. దీని ధర మాత్రం ముప్పై వేల తేడాతో తప్ప తెలియదు.

వంటింట్లో మా పైఅలమర తలుపు తెరిచి ఉంటే దాని అంచు సరిగ్గా ఆవిడ నుదుటి ఎత్తుకి వస్తుంది. ఆరేడేళ్లుగా నెలకి రెండుసార్లయినా కొట్టుకునేది. చూసుకుని నడవ్వా అని విసుక్కునేవాణ్ణి. ఒకసారి బాగా బొప్పి కడితే, హార్డ్‌వేర్ షాపు నుంచి రబ్బరు పట్టీ తెచ్చి ఆ అంచుకి అంటించాను. ఆ కంటి పరీక్ష పటంలో నల్లగా ఉన్న భాగం, ఆ తలుపు అంచు ఉండే చోటు ఒకటేనన్న సంగతి, లెక్కలు వచ్చిన నాకు తట్టలేదు.

ఆ రోజు టీ తీసుకుని వస్తూ ఆవిడ తల కొంచెం వంచి, ఆ తలుపుని చేత్తో మూసి వచ్చింది. రెండు రోజుల తర్వాత నా బల్ల సొరుగు తెరిస్తే ఆ రబ్బరు పట్టీ ఉంది. చాకుతో జాగ్రత్తగా గీరి తీసి, చుట్ట చుట్టి పెట్టింది. ముప్పై రూపాయలు పెట్టి కొన్నాను దాన్ని. ఇంకా అక్కడే ఉంది.